ముక్కమ్మకు జలుబు చేసిన రోజు

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సైనిక విమానాలకు సరుకు సిద్ధం చేసే ఆ షెడ్డులో అందరికీ ఆవిడ ముక్కమ్మ. విమానం ఎక్కబోయే ప్రతి పెట్టె దగ్గరా, ప్రతి యంత్రం దగ్గరా వంగి గాలి పీల్చి చూస్తుంది. పెట్రోలు చెమర్చినా, బ్యాటరీ కారినా ఆ ముక్కు పట్టేస్తుంది. వలలు బిగించారా, గొలుసులు సరిగ్గా పడ్డాయా అన్నది ఎవరైనా చూస్తారు. ఆవిడ వంగి లేచి తల ఊపితే మాత్రం ఇక తిరుగు లేదు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఆ తల ఊపు కోసమే కాచుక్కూర్చుంటాడు.

ఈ పేరు పెట్టిన పుణ్యాత్ముడు ఆవిడ తమ్ముడే. చదువుకునే రోజుల్లో దొంగచాటుగా సిగరెట్ కాల్చి, సబ్బుతో నోరు కడుక్కుని వచ్చినా అక్క గుమ్మంలోనే పట్టేసిందని వాడి కడుపుమంట. సైన్యంలో చేరాక ఒకసారి షెడ్డుకొచ్చి అందరికీ ఆ కథ చెప్పి పోయాడు. అంతే, పేరు అతుక్కుపోయింది.

ఆ తమ్ముడే ఇప్పుడు ఎక్కడో కొండల్లో, గుడారాల ఆసుపత్రిలో పడి ఉన్నాడు. కొండచరియ విరిగిపడి తొడ నుజ్జయింది. ఆపరేషన్ చేద్దామంటే అక్కడి జనరేటర్ చచ్చి కూర్చుంది. కొత్తది ఈ ఉదయం విమానంలో వెళ్తోంది. మధ్యాహ్నానికి అక్కడ మబ్బులు కమ్ముకుంటాయి, ఆలోపు దిగకపోతే మళ్ళీ రేపే. రేపటిదాకా ఆగితే కాలు సంగతి అటుంచి మనిషే దక్కడని డాక్టర్ ఫోన్‌లో చెప్పాడు.

సరిగ్గా ఈ రోజే ముక్కమ్మకి జలుబు. ముక్కు రెండు వైపులా సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. పొద్దున కాఫీ తాగితే వేడి తెలిసింది గానీ వాసన తెలియలేదు. ముక్కుసూటి మనిషి కదా, వచ్చీ రాగానే చెప్పేయాల్సింది. చెబితే సెలవులో ఉన్న రెండో తనిఖీదారుని ఊరవతలి నుంచి పిలిపించాలి. విమానం ఆగిపోతుంది. అందుకని నోరు మెదపలేదు. కళ్ళున్నాయి, చేతులున్నాయి, చాలవా అనుకుంది. తనవాళ్ళ ప్రాణం మీదికొస్తే మనిషి తనకు తాను ఎన్నైనా సర్దిచెప్పుకుంటుంది.

మందుల పెట్టెలు చూసింది. వలల పట్టీలు ఒక్కొక్కటీ గుంజి చూసింది. చివరగా జనరేటర్ వచ్చింది. ట్యాంకు ఖాళీ చేశామని మెకానిక్కుల షెడ్డు వాళ్ళు కట్టిన చీటీ దానికి వేలాడుతోంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి నిండు ట్యాంకులో పెట్రోలు మూత సందుల్లోంచి ఎగదన్నుతుంది. తలుపులన్నీ మూసిన విమానంలో ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే యంత్రం ఏదైనా ట్యాంకు ఖాళీగా వెళ్ళాల్సిందే. ఈ ముక్క షెడ్డు ఊడ్చేవాడికి కూడా తెలుసు.

ఆవిడ అలవాటు కొద్దీ వంగింది. ఏమీ తెలియలేదు. లేస్తూ కారుతున్న ముక్కు గట్టిగా ఎగబీల్చుకుంది. ఎగబీల్చుకుంటే తల కాస్త ఊగింది. డ్రైవర్ మహానుభావుడు అది చూసి జనరేటర్‌ని ఎత్తుకుని విమానంలోకి పోయాడు.

ఆగమని నోటిదాకా వచ్చింది. వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. చీటీ ఉందిగా అనుకుంది. లోపల గొలుసులు బిగిస్తున్న చప్పుడు వినబడుతోంది.  విమానం ఎక్కేవాళ్ళకీ అక్కలుంటారన్న ఆలోచన వచ్చేసరికి ఇక నిలబడలేకపోయింది. వెనక తలుపు మూసుకోవడం మొదలైంది. ఆవిడ పరుగు తీసింది.

"ఆపండి," అంది లోడ్ మాస్టర్‌తో. విమానంలో సరుకు బాధ్యతంతా ఆయనదే. జుట్టు నెరిసిన పెద్దమనిషి, తొందరలో ఉన్నాడు. "నాకు జలుబు. పొద్దుట్నుంచీ ఏ వాసనా తెలియట్లేదు. ఆ జనరేటర్‌ని నేను చూడనట్టే లెక్క."

ఆయన చెయ్యెత్తి తలుపు ఆపించాడు. ఆవిడ లోపలికెళ్ళి ట్యాంకు మీద వేళ్ళతో కొట్టింది. ఖాళీ డబ్బాలా ఖంగుమనలేదు. మూత తిప్పి చూస్తే పెట్రోలు అంచుదాకా ఉంది. లోడ్ మాస్టర్ ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు. ఆవిడ మూత గబగబా బిగించింది.

ఎవరు నింపారని వెతకాల్సిన పని పడలేదు. గొలుసులు బిగించడానికి సాయం వచ్చిన మెకానిక్కుల్లోంచి ఒకడు తల వంచుకుని ముందుకొచ్చాడు. సాక్షాత్తూ ఆవిడ మొగుడు.

"నిన్న ఫోన్‌లో బావమరిదే చెప్పాడు, అక్కడ చుక్క పెట్రోలు లేదట. లారీ రావాలంటే రేపటి మాటే. దిగగానే నడుస్తుందని చీటీ కట్టాక నేనే నింపాను," అన్నాడు.

లారీల మీద పంపే యంత్రాలను నింపి పంపడం ఆయనకు అలవాటు. రాత్రంతా షెడ్డులోనే పని, ఆవిడ జలుబు సంగతి తెలియదు. వాసనొస్తే ఎలాగూ ఆవిడ ఆపుతుంది, ఆవిడే పోనిచ్చిందంటే ఫర్వాలేదనుకున్నాడట. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.  తిట్టడానికి సమయమూ లేదు, తనకు మొహమూ లేదు.

ట్యాంకు ఖాళీ చేయించింది. ప్రమాదకర సరుకుల గదిలోంచి విమానాల కోసమే చేసిన డబ్బాలు తెప్పించి, పైన జాగా వదిలి పెట్రోలు పోయించింది. మూతలు బిగించి, తెల్లగుడ్డ పరిచి, డబ్బాలు తలకిందులుగా పెట్టించింది. మరక పడకపోతేనే ఎక్కుతాయి. పైలట్ వచ్చి ఇంకెంతసేపని అడిగాడు. గుడ్డ మీదనుంచి చూపు తిప్పకుండానే కాసేపు ఆగమంది. అక్కడ మబ్బులు ఎంతవరకు వచ్చాయో ఎవరికీ తెలియదు. ఒక డబ్బా కింద సూది మొనంత మరక కనిపించింది. దాన్ని పక్కన పెట్టించి మూత మార్పించి, మళ్ళీ తిరగేయించింది. తమ్ముడి తొడ కళ్ళ ముందు కదులుతోంది. ఆ గుడ్డ మీద పడి ఏడవాలనిపించింది. గుడ్డ తెల్లగానే ఉండిపోయాక లోడ్ మాస్టర్‌ని వంగి వాసన చూడమంది.

"ఈ రోజుకి మీ ముక్కే నాకు దిక్కు."

ఆయన ప్రతి డబ్బా దగ్గరా, జనరేటర్ దగ్గరా మోకాళ్ళ మీద వంగి చూసి తల ఊపాడు. విమానం ఎగిరింది. ఆవిడ నేరుగా పై అధికారి గదికి వెళ్ళి మొగుడి తప్పు చెప్పింది, తన తప్పూ చెప్పింది. ఇద్దరికీ విచారణ తప్పదన్నాడాయన.

మబ్బు కమ్మే ముందు ఆఖరుగా దిగింది తమ విమానమేనని మధ్యాహ్నం కబురొచ్చింది. ఆపరేషన్ కబురు రాలేదు. సాయంత్రం ఇంట్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రెండు గోడల్లా కూర్చున్నారు. ఆయన లేచి లేచి చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. ఆవిడ అందుకుంది.

"అక్కా," అంది మత్తు వదలని గొంతు. "కాలు ఉందే. చూసుకున్నా." కాసేపు ఆయాసం. "గుడారం బయటే జనరేటర్... ఒకటే పెట్రోలు కంపు. ఇంత కంపు కొట్టేదాన్ని నువ్వెలా పోనిచ్చావే?"

ఆవిడ చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. "జలుబురా," అంది. 

వాడు బావ ఉన్నాడా అని అడిగాడు. ఆయన గుమ్మంలో, తడి చేతులతో నిలబడి ఉన్నాడు. ఆవిడ ఫోన్ చాపి, పొద్దుటి నుంచి మొదటిసారిగా ఆయనతో మాట్లాడింది.

"మీకేనండీ. మాట్లాడతాడట."