అడగకుండా రాయని పేరు

మా మేడమ్ పోయారు. తెనాలి బస్టాండులో రేపల్లె బస్సు కోసం నిలబడి ఉండగా వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పొద్దున పోయిందమ్మా, నిద్రలోనే" అన్నారు. నా సంచిలో ఆవిడకి చూపించాల్సిన కాగితాలున్నాయి. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇవి ఇప్పుడెవరికి చూపించను?

ఆవిడ బాపట్లలో మాకు పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక రేపల్లెలో ఉంటూ, మానవ హక్కుల మీద పరిశోధన చేసే మాబోటి వాళ్ళకి ఫెలోషిప్ దరఖాస్తులు దిద్దిపెట్టేవారు. దిద్దడమంటే అలా ఇలా కాదు. "ఏంటమ్మా ఈ 'అణగారిన వర్గాలు'? వాళ్ళకి కాళ్ళూ చేతులూ లేవా? ఏం పని చేస్తారో రాయి" అని సగం కొట్టేసేవారు. నాకు ఒళ్ళు మండేది. ఫెలోషిప్ మాత్రం వచ్చింది.

రొయ్యలు ఒలిచే షెడ్లలో ఆడవాళ్ళ పని గురించి నా పరిశోధన. ఆ షెడ్లున్న అడవులదీవి వైపు వెళ్తే మోకాళ్ళ నొప్పులతోనే నా వెంట వచ్చేవారు. ఆవిడకో పద్ధతి ఉండేది. ఎవరు చెప్పింది రాసుకున్నా, మళ్ళీ వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చుని పైకి చదివి వినిపించాలి. "అవునండి, నేనన్నదే" అంటేనే రిపోర్టులోకి ఎక్కాలి. వద్దంటే అక్కడే కొట్టేయాలి. ఎంతో మంచి సంగతులు అలా పోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒకావిడ ఐసులో తిమ్మిరెక్కిన వేళ్ళు చూపిస్తూ, పని మధ్యలో బాత్రూముకి కూడా వెళ్ళనివ్వరని చెప్పింది. చదివి వినిపిస్తే అంతా విని, "నిజమేనండి. నా పేరొక్కటి తీసెయ్యండి. షెడ్డాయనకి తెలిస్తే రేపట్నించి రానివ్వడు" అంది. తీసేశాం. ఫెలోషిప్ ఇచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు. పేర్లూ ఫొటోలూ ఉంటేనే రెండో ఏడాది పొడిగిస్తామన్నారు. నేను మేడమ్ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ టీ కప్పు కింద పెట్టి, "ఫెలోషిప్ పోతే ఇంకోదానికి రాసుకుంటావు. ఆవిడకి పని పోతే ఎక్కడికెళ్తుంది? కుదరదని చెప్పెయ్" అన్నారు. చెప్పేశాను. ఫెలోషిప్ ఆగిపోయింది. ఆ తర్వాత కూడా మేడమ్ నాతో బస్సెక్కడం మానలేదు.

అంత్యక్రియలకి ఆ షెడ్డు ఆవిడ పని మానుకుని వచ్చింది. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఇక నువ్వొక్కదానివే వస్తావా అమ్మా?" అంది. తలూపాను.

ఇది రాశాక అలవాటు కొద్దీ రేపల్లె వెళ్ళాను. తాళం వేసిన తలుపు వైపు తిరిగి, మేడమ్ గుమ్మంలో కూర్చుని పైకి చదివాను. ఆవిడ పేరు వచ్చిన చోట ఆగాను.

"ఉంచమంటారా మేడమ్?" అని అడిగాను.

పెన్ను తీసి, ఆ పేరు కొట్టేశాను.