తలూపే ఇనాయతుల్లా

సుచిత్ర చౌరస్తా నుంచి గండిమైసమ్మ దాకా షేర్ ఆటో నడిపే ఇనాయతుల్లా ఎవరి మాటనూ కాదనడు. వాన పడాలనే రైతుకూ, పడొద్దనే మేస్త్రీకీ ఒకటే తల ఊపు. మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుని, అద్దంలోకి చూసి "నిజమే సార్" అంటాడు. ఎదురు చెబితే ఆ మనిషి రేపు పక్క ఆటో ఎక్కుతాడని ఆయన భయం.

ఆ ఉదయం ఆయన సీటు అంచున కూతురు నజ్‌నీన్ కూర్చుంది. బహదూర్‌పల్లి మైదానంలో ఆమెకు జిల్లా పరుగు పందెం ఎంపికలు. వెనక సీట్లో మాత్రం నిన్న టీవీలో చూసిన పందెం గురించే మాటలు. దేశమంతా ఆశపెట్టుకున్న అమ్మాయి చిట్టచివర వచ్చింది. ఏమైందని అడిగిన విలేకరుల మైకులు తోసేసి వెళ్లిపోయింది.

"ఉరుకుడు రాదు గని పొగరు మస్తుంది," అన్నాడొకాయన.

"యాడ్‌లల్ల నవ్వనీకె వస్తది గద," అని పక్కామె నవ్వింది.

"ఆడపిల్లకు గంత పొగరేంది? ఇంట్ల గూసోబెట్టాలె. ఏమంటవ్ భాయ్?"

"నిజమే సార్," అన్నాడు ఇనాయతుల్లా అలవాటుగా. "ఇంట్లనే గూసోబెట్టాలె."

అన్నాక పక్కకు చూశాడు. నజ్‌నీన్ రోడ్డువైపు చూస్తోంది. మైదానం ముందు ఆటో ఆపితే లోపల పిల్లలు అప్పటికే వరుస కడుతున్నారు. ఆమె దిగలేదు.

"దిగు బేటా, జల్దీ."

"నేను గూడ ఓడిపోతే, అబ్బా?"

"పోనీ భాయ్, డ్యూటీకి లేటైతాంది," అన్నారు వెనకనుంచి.

ఇనాయతుల్లా తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. ఈసారి తల ఊపలేదు; మెడలోని తువ్వాలు తీసి కూతురి భుజాన వేశాడు.