ట్రాయ్‌లో ఊపిరి క్లాసు

అరవై దాటిన మనిషికి ఊపిరి పీల్చడం కొత్తగా నేర్పిస్తామంటే ఎవరైనా నవ్వుతారు. మావారు నవ్వలేదు. వెళ్ళి పేరు రాయించుకుని వచ్చారు.

రెండు వేల తొమ్మిది అనుకుంటాను. కార్ల కంపెనీలు మూలుగుతున్న రోజులు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇంజనీర్లలో కాస్త వయసు మళ్ళినవాళ్ళందరి చేతిలో ఏదో ఇంత పెట్టి కంపెనీలు ఇంటికి పంపేశాయి. జీవితమంతా బ్రేకులూ బంపర్లూ తప్ప వేరే ధ్యాస లేని మగవాళ్ళు ఒక్కసారిగా ఖాళీ అయిపోయారు. ఖాళీగా ఉన్న మగవాడు ఊరికే కూర్చోడు, ఆరోగ్యం మీద పడతాడు. ఒక చలికాలమంతా అందరూ రాగి చెంబుల్లో నీళ్ళు తాగారు. ఆ తర్వాత నానబెట్టిన మెంతులు మింగారు. ఆ తర్వాత పార్కులో గుండ్రంగా నిలబడి పగలబడి నవ్వే క్లబ్బొకటి పెట్టారు. కుక్కల్ని తిప్పుకునే అమెరికన్లు బెదిరిపోయి దారి మార్చుకోవడం మొదలెట్టాక అది మూతబడింది. దాని తర్వాత వచ్చిందే ఈ చైనా ఊపిరి.

మిగతావాళ్ళు ఏ పిచ్చి చేసినా నాకేం పట్టేది కాదు. మావారి సంగతి వేరు. ఆయనకి ఉబ్బసం, అదీ చిన్నప్పటి నుంచీ. పెళ్ళిచూపుల్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయిన మొదటి వానాకాలంలో ఆయన గుండెల్లోంచి వచ్చే పిల్లికూతలు నా చెవులతో నేనే విన్నాను. అప్పటినుంచీ ఆ చప్పుడు వింటూనే కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, దేశం మారాను. మిషిగన్ చలి ఆ కూతల్ని ఇంకొంచెం పెంచింది. రోజూ పొద్దున్నే పీల్చే మందు ఒకటి, ఊపిరాడనప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ ఒకటి. ఆ నీలంది జేబులో లేకపోతే చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టి రావడానికి కూడా ఆయన గడప దాటేవారు కాదు.

నేను హాస్పిటల్ ఫార్మసీలో పనిచేసేదాన్ని. జబ్బు ఎప్పుడు ముదురుతుందో, ఎప్పుడు మనిషి నీలంగా మారతాడో నాకు వివరంగా తెలుసు. అలాంటి నన్ను ఇంట్లో పెట్టుకుని, ఈయన ఊపిరి సంగతి నేర్చుకోవడానికి కమ్యూనిటీ సెంటర్ బేస్‌మెంట్‌కి వెళ్ళారు.

"తావో పద్ధతి అట. కూర్చుని చేసే ధ్యానం. లంగ్స్‌కి చాలా మంచిదట," అన్నారు వచ్చీ రాగానే.

"మందు కూడా లంగ్స్‌కి మంచిదే," అన్నాను.

"నీకు ప్రతిదీ వెటకారమే."

ఒకరోజు డ్రైవ్ చేసి దింపిన పాపానికి నేనూ లోపలికి వెళ్ళి చూశాను. మాస్టారు తైవాన్ నుంచి ఎప్పుడో వచ్చి, ఇక్కడి హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన పెద్దాయన. బక్కపల్చటి మనిషి, ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుంటారు. రెండు మాటలతో అయ్యే పనికి మూడో మాట వాడరు. కుర్చీ అంచు మీద కూర్చోమన్నారు. పాదాలు నేలకి ఆనించి, వెన్ను నిటారుగా పెట్టి, నాలుక కొన పైపళ్ళ వెనక ఆనించమన్నారు. బొడ్డు కింద, కడుపు లోపల ఎక్కడో మనసు నిలిపి, పక్కవాడికి వినపడనంత మెత్తగా ఊపిరి తీయమన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది, మనిషి కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు.

చివర్లో చేసే విన్యాసాలే చూడలేకపోయాను. పళ్ళు ఒకదానికొకటి టకటకా కొట్టాలి. నోట్లో ఊరిన ఉమ్మిని అమృతంలా మెల్లగా మింగాలి. అరచేతులు రుద్ది మొహం కడుక్కున్నట్టు తుడుచుకోవాలి. ఒకప్పుడు మనుషుల్ని గడగడలాడించిన మేనేజర్లు, పీహెచ్‌డీలు చేసినవాళ్ళు, వరసగా కూర్చుని కళ్ళు మూసుకుని పళ్ళు కొట్టుకుంటున్నారు. ఒకాయనకి కట్టుడు పళ్ళు. ఆయన దగ్గర్నుంచి వచ్చే చప్పుడు వేరేగా ఉంది. నేను నవ్వు ఆపుకోలేక కారిడార్‌లోకి వచ్చి నీళ్ళు తాగాను.

ఇంట్లో ఇంకో ముచ్చట. ఒక్కో అవయవానికి ఒక్కో శబ్దం ఉందట. ఊపిరితిత్తులకి 'స్‌స్‌స్' అని పళ్ళ సందుల్లోంచి గాలి వదలాలట. పొద్దున్నే వంటింట్లో కుక్కర్, హాల్లో మావారు. పప్పు ఉడికిందనుకుని స్టవ్ ఆపేసి మూత తీస్తే బద్దలు బద్దలుగానే ఉండేది.

ఇలా మా ఇంట్లో పప్పు ఉడక్కపోవడంతో పోయేదే. కానీ ప్రెసిడెంట్‌గారు క్లాసులో చేరారు. ఆయన ఎప్పుడో ఒకసారి ఇక్కడి తెలుగువాళ్ళ సంఘానికి ప్రెసిడెంట్‌గా ఉన్నారు. పదవి దిగిపోయి ఎన్నాళ్ళయినా పిలుపు మాత్రం దిగలేదు, ఆయన దిగనివ్వలేదు. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. రెండో వారానికే తీర్పు చెప్పేశారు.

"ఇదంతా మన ప్రాణాయామమేనండీ. మనవాళ్ళ దగ్గర నేర్చుకుని చైనా పట్టుకుపోయారు. మన సరుకు మనకే తిరిగొచ్చింది, అంతే."

మన సరుకైనప్పుడు మన పద్ధతిలోనే చేయాలి కదా. కుర్చీలు గోడకి నెట్టేశారు. ఇళ్ళ నుంచి జంపకానాలు వచ్చాయి. మోకాళ్ళు వంగనివాళ్ళు కూడా పళ్ళబిగువున పద్మాసనాలు వేశారు. మాస్టారు "చైర్ ఈజ్ గుడ్, చైర్ ఈజ్ గుడ్" అని రెండుసార్లు చెప్పి, ఎవరూ వినకపోయేసరికి తను మాత్రం కుర్చీలో కూర్చున్నారు. దాంతో ఆయన ఆసనం మీద, శిష్యులు నేల మీద. చూడటానికి అచ్చం ఆశ్రమమే. అక్కడినుంచి ఆ పెద్దాయన్ని గురువుని చేసేయడానికి ఎంతోసేపు పట్టలేదు. మనవాళ్ళకి చదువు చెప్పేవాడు మనిషిగా ఉంటే తోచదు. మొదటిసారి ఒకాయన వంగి పాదాలు ముట్టుకోబోతే, మాస్టారు తన బూటు లేసు ఊడిందేమోనని తనూ వంగి చూసుకున్నారట. దాన్ని కూడా వినయమని మెచ్చుకున్నారు.

ఆయన పెదవి విప్పి చెప్పని మాటలన్నీ ప్రెసిడెంట్‌గారు చెప్పేవారు. గురువుగారు ఉల్లిపాయ వద్దన్నారు. గురువుగారు మందులు విషమన్నారు. "ఆయన నోటితో ఎప్పుడన్నారండీ?" అని అడిగాను మావారిని. "డైరెక్ట్‌గా అనరు. మనమే అర్థం చేసుకోవాలి," అన్నారు.

ఆ ఏడాది వేసవి మావారికి బాగా మొదలైంది. వేసవి ఎప్పుడూ ఆయనకి బాగానే గడుస్తుంది. ఉబ్బసం తీరే అంత, కొన్నాళ్ళు అసలు లేనట్టే పడి ఉంటుంది. అది ఊపిరి క్లాసు మహిమ అని ఆయన లెక్క. పొద్దున మందు పీల్చడం ఎప్పుడు మానేశారో నాకు తెలియనివ్వలేదు. నిండుగా ఉన్న డబ్బా బాత్రూమ్ అలమారలో దొరికాక గొడవపడ్డాను. "నాకేం అవసరం రావట్లేదు కదా," అన్నారు. ఆ గొంతులో పెంకితనం కాకుండా ఒకరకమైన సంబరం ఉంది. నాకు ఒళ్ళు మండిపోయి అది పట్టించుకోలేదు.

జూలైలో గురుపూర్ణిమ వచ్చింది. బేస్‌మెంట్‌లో గురుపూజ చేస్తామని ప్రెసిడెంట్‌గారు ప్రకటించారు. ఆడవాళ్ళకి వంటలు పంచారు. నాకు పులిహోర పడింది. బేసిన్ ఎత్తుకుని వెళ్ళేసరికి మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, స్వెటర్ మీద జరీ శాలువా కప్పి, మెడలో దండ వేశారు. పాపం, పెళ్ళికొడుకులా బిక్కమొహం వేసుకుని ఉన్నారు.

ఆ పైన ధూపం. కిటికీల్లేని గది, చెయ్యెత్తితే తగిలే కప్పు, ఊపిరి బాగుపడటానికి చేరిన జనం. అందులో ఒక కట్ట అగరొత్తులు ఒకేసారి వెలిగించి, అది చాలదన్నట్టు పళ్ళెంలో బొగ్గుల మీద సాంబ్రాణి వేశారు. పొగ అలారం కుయ్యోమంటుందని ముందే ఎవరో స్టూలెక్కి దానికి ప్లాస్టిక్ కవర్ కట్టారు. ఇంజనీర్లు కదా, ఆ జాగ్రత్తకి లోటు రాదు. గదిలో ఇద్దరు డాక్టర్లు కూడా ఉన్నారు, ఒకరు కంటికి, ఒకరు చర్మానికి. ఇద్దరూ కళ్ళు నులుముకుంటూ దణ్ణం పెడుతున్నారు.

"కాశీ వెళ్తే ఇష్టమైంది ఒకటి వదిలేస్తాం కదండీ. అలాగే ఇవాళ ప్రతివాళ్ళూ గురువుగారి పాదాల దగ్గర ఒకటి వదలాలి. వదిలింది మళ్ళీ ముట్టకూడదు," అన్నారు ప్రెసిడెంట్‌గారు.

ఇత్తడి పళ్ళెం తెచ్చిపెట్టారు. ఒకావిడ కాకరకాయ పెట్టింది. ఆవిడ కాకరకాయ తినడం నేనెన్నడూ చూడలేదు. కట్టుడు పళ్ళాయన చెరుకుముక్క పెట్టారు. ప్రెసిడెంట్‌గారు మైసూర్‌పాక్ పెట్టారు. ఆయనకి షుగర్ వచ్చి ఏళ్ళయింది. త్యాగాలు ఇలా సాగుతుండగా మావారు లేచారు. జేబులోంచి నీలం ఇన్‌హేలర్ తీసి, రెండు చేతులతో, కళ్ళకద్దుకుని పళ్ళెంలో పెట్టారు.

అందరూ చప్పట్లు కొట్టారు! ఆ గదిలో ఒక్కళ్ళకీ బుద్ధి లేదు. నేను "ఏవండీ!" అని అరిచాను. ఆయన నా వైపు చూడలేదు.

వెనక్కి వచ్చి జంపకానా మీద కూర్చున్నారో లేదో, దగ్గు మొదలైంది. తర్వాత పిల్లికూతలు. పొగలో ఆ చప్పుడు నాకు గది అవతల వైపు నుంచే వినిపించింది. బేసిన్ అక్కడే వదిలేసి జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. భుజాలు పైకి లేచిపోతున్నాయి, మెడ నరాలు బిగిశాయి. నేను పళ్ళెంలోకి చెయ్యి పెట్టాను.

"అమ్మా, వద్దు. గురువుగారికి సమర్పించింది," అన్నారు ప్రెసిడెంట్‌గారు నా చెయ్యికి అడ్డం వస్తూ.

"మీరు తప్పుకోండి. ఎవరైనా నైన్ వన్ వన్ కాల్ చెయ్యండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇన్‌హేలర్ తీసి మావారి నోటి దగ్గర పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఊపిరాడక కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా నా చేతిని పక్కకి నెట్టారు. అంత భయం నాకు జీవితంలో ఇంకెప్పుడూ వేయలేదు. చచ్చిపోతాడు, ఈ వెధవ పొగలో, ఈ కాకరకాయల ముందు, నా కళ్ళెదురుగా చచ్చిపోతాడు అనుకున్నాను.

మాస్టారు శాలువా కింద పడేసి లేచారు. నా చేతిలోంచి ఇన్‌హేలర్ తీసుకుని, గబగబా కుదిపి, మావారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నోటికి పెట్టారు. "నౌ," అన్నారు. గురువు చెప్పాడు కాబట్టి మావారు పీల్చారు. కాసేపాగి మళ్ళీ. మళ్ళీ. ఈలోగా ఎవరో తలుపులు తీశారు. మాస్టారూ నేనూ పట్టుకుని మావారిని మెట్లెక్కించి బయట గడ్డి మీదకి తీసుకొచ్చాం. అంబులెన్స్ వాళ్ళు వచ్చి ఆక్సిజన్ పెట్టి, చూసి, ఛాతీలో కూతలు తగ్గాక కాసేపు ఉండి వెళ్ళారు.

ఆ తర్వాత మావారిని బెంచీ మీద కూర్చోబెట్టాం. మాస్టారు మెడలో దండ ఇంకా అలాగే ఉంది. ఇన్‌హేలర్ పళ్ళెంలో ఎందుకు పెట్టారని నన్ను అడిగారు. చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు స్వెటర్ జేబులో చెయ్యి పెట్టి తన ఇన్‌హేలర్ తీసి చూపించారు. అదీ నీలందే.

"నాకూ అదే జబ్బు. చిన్నప్పటి నుంచీ," అన్నారు ఇంగ్లీషులో. "రోజూ కూర్చుంటాను. రోజూ ఇది కూడా పీలుస్తాను."

మా వెనకే బయటికి వచ్చిన ప్రెసిడెంట్‌గారు "సరే, మరి ప్రసాదాలు పంచుదామా?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు.

మావారు మాత్రం మాస్టారి చేతిలోని ఆ ఇన్‌హేలర్ వైపే చూస్తున్నారు. "ఇట్ డిడ్ నాట్ గో అవే? ఫర్ యూ ఆల్సో?" అని అడిగారు.

"నో," అన్నారు మాస్టారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు నేనే డ్రైవ్ చేశాను. నాలుక చివర చాలా మాటలు ఉన్నాయి. ఆ పళ్ళు కొట్టుకోవడం దగ్గర్నుంచి చెరుకుముక్క దాకా ఒక్కటీ వదలకుండా కడిగేద్దామనుకుని సిద్ధంగా కూర్చున్నాను. బిగ్ బీవర్ రోడ్ మీద సిగ్నల్ దగ్గర ఆగాక ఆయనే నోరు తెరిచారు.

"పోతుందనుకున్నానే," అన్నారు.

పొద్దుపోక వెళ్తున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. స్నేహితుల కోసం, వేడుక కోసం అనుకున్నాను. ఈ మనిషి రోజూ కళ్ళు మూసుకుని కూర్చుని, ఊహ తెలిసినప్పటి నుంచీ తనతో ఉన్న కూత ఒకరోజు ఆగిపోతుందని ఎదురుచూస్తున్నాడని నాకు తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. పచ్చలైట్ పడినా చూసుకోలేదు, వెనక కారువాడు హారన్ కొట్టాడు.

ఆయన ఇన్‌హేలర్ చొక్కా జేబులో వేసుకుని, దాని మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.