మా నాయన దివిటీ

మన ఊరి దోస్తులారా, మా నాయన దివిటీని పక్కన పెట్టించి మీరు జాతరకు జనరేటర్ లైట్లు తెచ్చారు. ఆ కోపం నాకింకా పోలేదు.

నిన్న ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామా పట్నంలో యూదుల గుడికి రంగు వేస్తుంటే నూనె దీపం వాసన వచ్చింది. అక్కడి పెద్దాయన వచ్చీరాని హిందీలో, “గ్రంథం ఎత్తేటోడు ఒకడు, చదివేటోడు ఒకడు భాయ్. గ్రంథం దాచే పెట్టె తలుపు తెరిచేటాయన చచ్చిపోతే ఆయన కొడుకును పిలిచినం” అన్నాడు.

మీకు యాదికుందా? దివిటీ ముందు నడవందే పోచమ్మ బోనాలు కదిలేవి కావు. మీరు లైట్లు తెచ్చిన ఏడు కూడా నాయన పేలికలు నూనెలో నానబెట్టి గడపలో కూర్చున్నాడు. “పిలుస్తరు తియ్, నేను లేంది ఎట్ల పోతరు?” అన్నాడు. డప్పులు మా ఇల్లు దాటిపోయాయి. ఆయన పేలికలు పిండి, నూనె మళ్లీ సీసాలో పోశాడు.

ఈసారి జాతరకు సెలవు పెట్టి వస్తున్నాను. నాయన బదులు దివిటీ పట్టే పని నాకిస్తారా, ఇవ్వరా? వచ్చే శుక్రవారంలోగా చెప్పండి.