చవితి నాడు పదహారు చందమామలు

మొన్న సాయంత్రం ఎవరో నా ఫోనుకు ఒక వీడియో పంపారు. భూమి చుట్టూ తిరిగే వ్యోమగాములు తీసిందట. తెరవగానే నీలంగా వంపు తిరిగిన భూమి అంచు, దాని వెనక నుంచి లేస్తున్న చందమామ. చటుక్కున ఫోను బోర్లించి గోడ మీది క్యాలెండరు దగ్గరికి పరుగెత్తాను. వినాయక చవితి కాదు. హమ్మయ్య అనుకుని మళ్ళీ చూశాను. చదువుకున్నదానికి ఇదేం భయమని మీరు నవ్వుకోవచ్చు. ఇది మా మేనత్త నాకు ఇచ్చిపోయిన ఆస్తి.

అత్త పాతబస్తీ గౌలిపురలో మాతోనే ఉండేది. పత్తర్‌గట్టిలోని ఒక ముత్యాల దుకాణానికి ఇంట్లోనే కూర్చుని హారాలు గుచ్చి ఇచ్చేది. హారం మధ్యలో వేలాడదీసే పెద్ద ముత్యం ఎక్కడికీ దొర్లిపోకుండా, ఒక ఇత్తడి గిన్నెలో బియ్యం పోసి అందులో దాచేది. ముప్పై ఏళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క పూస తేడా రాలేదని దుకాణం నడిపే భాయ్ పదిమందిలో చెప్పేవాడు. ఆ మాటను మించిన నగ అత్తకు లేదు. అందుకేనేమో, చవితి చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలు తప్పవనే మాట ఆమెకు అంత పట్టింపు. ఆ రోజు పొద్దు గుంకకముందే కిటికీలు మూసేది. తప్పనిసరై గడప దాటితే వానచుక్క లేని ఆకాశం కింద గొడుగు వేసుకుని నడిచేది. గల్లీలో పాలు పోసేవాళ్లు "ఏందక్కా, ఎండ మస్తుగున్నదా?" అని ఆటపట్టించేవాళ్లు. రంజాన్‌కు నెలవంక కోసం మేడెక్కి వెతికే భాయ్ మాత్రం ఎన్నడూ నవ్వలేదు.

కొన్నేళ్ల కిందటి చవితికి నాన్న ఊళ్లో లేడు. పూజ చేయించే పని నా మీద పడింది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, వంటింట్లోంచి ఉండ్రాళ్ల వాసన. శమంతకమణి కథ సగంలో ఆపి, మిగతాది సాయంత్రం చదువుతానని విస్తరి ముందు కూర్చున్నాను. కథ విన్నాక తల మీద వేసుకోవాల్సిన అక్షింతలు గిన్నెలో అలాగే ఉండిపోయాయి. ఆత్రగాడికి బుద్ధి మట్టు. సాయంత్రం కథ సంగతే మరిచి, ముత్యాలు గుచ్చుకుంటున్న అత్త పక్కన చేరి, ఇలాంటిదే ఒక వీడియో ఫోనులో తెరిచి ఆమె ముందు పెట్టాను. భూమి అంచున ఏదో పైనా కిందా అదిమిన ఉండ్రంలా లేచి, నెమ్మదిగా గుండ్రబడింది.

"ఏంది బిడ్డా గిది?"

"చందమామ అత్తా. అంతరిక్షంలో తిరిగేటోళ్లకు గట్ల కనబడ్తడు. గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తరు. రోజుకు పదహారుసార్లు పొడుస్తడు."

అత్త చేతిలోంచి సూది జారింది. "చవితి పూట నాకు చంద్రుణ్ని చూపెడ్తివా! కథ సుత పూర్తిగ చదవకపోతివి. ఒక్కసారి చూస్తేనే ఒక నింద, పదహారుసార్లు పొడిచేటోణ్ని చూస్తే ఎన్ని నిందలే?"

నేను నవ్వాను. ఆ నవ్వు రెండు రోజులే ఉంది. మర్నాడు దుకాణం మనిషి వస్తే అత్త కంగారులోనే, సరిచూసుకోకుండా హారం పొట్లం కట్టి ఇచ్చింది. ఆ మర్నాడు, అత్తను అక్కలా ఆపా అని పిలిచే భాయ్ ఫోన్ చేశాడు. "ఆపా, పొట్లంల పెద్ద మోతీ లేదు. జర ఇంట్ల చూడుండ్రి." అంతే అన్నాడు. కానీ అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇల్లంతా దులిపాం, చాపలు విదిలించాం. ఇత్తడి గిన్నె కోసం వెతికితే అదీ కనబడలేదు. అత్త అన్నం ముట్టలేదు. ముప్పై ఏళ్ల పేరు నా చేతులారా పోగొట్టానని నాకు ఏడుపొచ్చింది.

చివరికి ఆమే అంది. "ఆ కథేదో పూర్తిగ చదువు బిడ్డా." వినాయకుడి ముందు కూర్చుని, ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివాను. కృష్ణుడి మీద పడ్డ నింద తొలగిపోయేదాకా అత్త కళ్లు మూసుకునే ఉంది. కథ అయ్యాక అక్షింతల గిన్నెలోంచి గుప్పెడు తీసి నా తల మీద వేయబోయి ఆగింది. గుప్పిట తెరిచింది. పసుపు బియ్యం మధ్య, పసుపు అంటిన పెద్ద ముత్యం!

పూజ పత్రి సగం కప్పేయడంతో మేం పోల్చుకోలేదు కానీ, అది ఆమె ఇత్తడి గిన్నె. పండుగ పొద్దున బియ్యం కనబడ్డాయి కదా అని రెండు చిటికెల పసుపు చల్లి, పైపైన కలిపి అక్షింతలు చేసింది నేనే. అత్త తిడుతుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. గుండె మీద నుంచి బండరాయి దించినట్టయింది నాకు. ఆ పూటే ఆటోలో వెళ్లి ముత్యం ఇచ్చి వచ్చాం. భాయ్ దాన్ని చూడనైనా లేదు. "మోతీ ఫికర్ నాకు లేకుండె ఆపా. మీరు మనసుల పెట్టుకుని పని బంద్ చేస్తరేమోనని ఫికర్ చేసిన," అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక అత్త ఆ వీడియో మళ్ళీ పెట్టించుకుంది. "గంత మీదికి పోయినా గంతే ఉన్నడేంది చంద్రుడు?" అని అడిగింది. వాళ్లు మన తిరుపతి కన్నా దగ్గరలోనే ఉంటారని, చంద్రుడు అక్కడికీ ఎంతో దూరమని చెప్పాను. "మరి చవితినాడు ఆళ్లకు అక్షింతలు ఎవరేస్తరు బిడ్డా?" అంది. ఆ తర్వాత ప్రతి చవితికీ నా తల మీద వేసి, ఒక చిటికెడు పైకి కూడా విసిరేది.

పైన వాళ్లకు గంటన్నరకో చంద్రోదయం. నాకు చవితి ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఆ పొద్దున పసుపు కలిపేముందు, అత్త లేని ఇంట్లో, గిన్నె అడుగుదాకా బియ్యం వేళ్లతో ఇప్పటికీ వెతుకుతాను.