హట్ బేలో ఒక కెరటం

2025 ఏప్రిల్ 11, శుక్రవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు తిరుమలగిరిలో మా ఇంటి ముందు నుంచి కారు బయలుదేరింది. లోపల నేను, మా అమ్మాయి కూతురు సాహితి. కారు పైన తాళ్లతో బిగించిన తొమ్మిదడుగుల పలక, దానికో గుడ్డ సంచి.

కదిలే ముందు డ్రైవరు తాళ్లు లాగి చూస్తూ అడిగాడు. “గిదేంది మేడం, తలుపా?”

“కాదన్నా, సముద్రంల కెరటాల మీద పోయేది,” అంది సాహితి.

“ట్యాంక్‌బండ్‌ల ఏస్తరా ఏంది?”

“అండమాన్‌ల. మా అమ్మమ్మ ఎక్కుతది.”

అతను సీట్లో కూర్చుని అద్దంలో నన్ను చూశాడు. నేను కాదనలేదు. బేగంపేట దాటేదాకా అతనికి నవ్వు ఆగలేదు.

ఎందుకు వెళ్లామో ముందే చెప్పాలి. నా వయసు డెబ్బై. ఎడమ మోకాలి ఆపరేషన్‌కు మే 19 తేదీ ఇచ్చారు. తర్వాత నడుస్తారు, మెట్లెక్కుతారు, నీళ్లలో గెంతులు మాత్రం వద్దు అన్నాడు డాక్టరు. గెంతుల సంగతి నేను అడగలేదు. ఆయన అన్న తర్వాతే నాకు ఆ ఆలోచన వచ్చింది.

నేను పుట్టింది భీమునిపట్నంలో. నాన్న పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆరేడేళ్ల వయసు నుంచీ జాలరి పిల్లలతో కలిసి, విరిగిన తెప్ప చెక్కను ఛాతీ కింద పెట్టుకుని కెరటమెక్కేదాన్ని. అది వెనక నుంచి వచ్చి చెక్కను ఎత్తుతుంది, ఇసుక దాకా మోసుకొచ్చి దింపుతుంది. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. మర్నాడు మా నాయనమ్మ ఆ చెక్కను పొయ్యిలో పెట్టింది. ఎవరూ తిట్టలేదు. వద్దని కూడా అనలేదు. ఆ తర్వాత సముద్రంలో చీలమండ దాటి దిగింది లేదు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి, ముప్పై నాలుగేళ్లు లెక్కల ఉద్యోగం చేసినన్నాళ్లూ నిద్రపట్టనప్పుడు కళ్లు మూసుకుని ఆ కెరటాన్ని పిలిచేదాన్ని. వచ్చేది. చెక్కకున్న చేప నూనె వాసనతో సహా వచ్చేది.

మోకాలు కోయించుకునే లోపల ఒక్కసారి నిజం కెరటం ఎక్కాలని ఉందని సాహితికి చెప్పాను. దానికి ఇరవై ఆరేళ్లు. బేగంపేటలో ఉద్యోగం, సెలవు దొరికితే విశాఖలో సర్ఫింగ్. “భీమిలికే పోదాం మరి,” అంది. భీమిలిలో మా బంధువులు పదకొండు ఇళ్లవాళ్లు ఉన్నారు. నేను పంజాబీ డ్రెస్సు వేసుకుని పలక మీద బోర్లా పడుకుంటే సాయంత్రానికి వాళ్లంతా ఒడ్డున వరసగా నిలబడతారు.

“అయితే ఎవ్వరూ లేని దగ్గరికి పోదాం అమ్మమ్మా,” అని లిటిల్ అండమాన్ పేరు చెప్పింది. ఇసుక మీద విరిగే కెరటం రోజుకో చోట విరుగుతుందట. అక్కడ పగడపు బండ మీద విరిగేది ఎప్పుడూ ఒకే చోట లేచి, ఒకే వైపుకు విప్పుకుంటూ పోయి, చివర లోతు నీళ్లలో మెత్తబడుతుందట. ఆ మెత్తబడే అంచున నన్ను ఎక్కిస్తానంది. మా అమ్మాయికి మాత్రం నేను ఒడ్డున కూర్చుంటానని చెప్పాం.

మొదట ఏప్రిల్ 5న, అష్టమి నాడు అక్కడ ఉండేలా అనుకున్నాం. నేనే ఒప్పుకోలేదు. 6న శ్రీరామనవమి. మా వీధిలో పానకం కలిపేది నేను. వారం వాయిదా వేశాం.

విమానం 9.45కి లేచి 12.05కి దిగింది. దిగిన ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, అందరి నోటా ఇంకా పోర్ట్ బ్లెయిరే. పలకకు విడిగా మూడు వేలు పట్టింది. జెట్టీకి దగ్గరలో గది పద్నాలుగు వందలు. శుభ్రంగా ఉంది కానీ బాత్‌రూం గడప ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే అడగండి. భోజనం తెలుగువాళ్ల హోటల్లో, సాంబారుతో.

12వ తేదీ శనివారం ఓడ మధ్యాహ్నం ఒంటి గంటకు కదిలింది. లిటిల్ అండమాన్‌లో ఓడలు ఆగే హట్ బేకి ఏడు గంటల ప్రయాణం. బంకు టికెట్ తీసుకుంటే నడుం వాల్చవచ్చు. ఉల్లిపాయల బస్తాలు, కోడిపిల్లల బుట్టలు, ఒక కొత్త కుట్టుమిషను మాతో పాటు ఎక్కాయి. పలక ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంటే, యాభై ఏళ్లావిడ ఒకామె నేరుగా మా దగ్గరికి వచ్చింది.

“మీరేనా అమ్మా? పలకతో ముసలమ్మగోరు వస్తాది, సూసి కూకోబెట్టమని మా ఆయన ఫోన్ సేసాడు.”

పేరు పైడితల్లి. మేము ఫోన్‌లో మాట్లాడుకున్న పడవ ఆమె భర్త అప్పన్నది. వాళ్లది శ్రీకాకుళం వైపు, ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నా పులిహోర డబ్బా చూసి, “మాఘమాసంలో ఓ పెళ్లికి తిన్న తరవాత పులిహోర ఇదే తినడం,” అని సగం తనే తిని, బదులుగా పనసకాయ చిప్స్ పొట్లం నా ఒళ్లో పెట్టింది.

ఆ దీవుల్లో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. ముగ్గురం డెక్ మీదికి వెళ్లాం. ఒకవైపు సూర్యుడు మునుగుతుంటే ఇంకోవైపు చంద్రుడు పైకి వచ్చాడు. గుండ్రంగా, ఎక్కడా తరుగు లేకుండా ఉన్నాడు. చూస్తూ వేళ్ల మీద తిథులు లెక్కపెట్టాను.

“సాహితీ, రేపు పడవ ఎన్నింటికన్నావు?”

“మూడింటికి. మొదటి నుంచి మూడే కదా.”

“మొదట అష్టమికి వద్దామనుకున్నాం. ఇప్పుడు పున్నమి. తేదీ మార్చాం కానీ గంట మార్చలేదే.”

దానికి అర్థం కాలేదు. భీమిలి పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. సముద్రం పోటు రోజుకు ముప్పావు గంట పైన జరుగుతుంది. అష్టమికి మధ్యాహ్నం నిండుగా ఉండే నీళ్లు పున్నమి వచ్చేసరికి పొద్దున నిండి, మధ్యాహ్నానికి లాగేస్తాయి. పైగా పున్నమికి ఎంత నిండుతాయో అంతా లాగేస్తాయి. పంచాంగంలో నవమి చూశాను, వర్జ్యం చూశాను, సముద్రాన్ని చూడలేదు.

పైడితల్లి పకపకా నవ్వింది. “మూడింటికెల్తే బండ మీద ఎండ్రకాయలు ఎండకు కూకుంటాయమ్మా.”

“అయితే ఎల్లుండి పోదాం,” అంది సాహితి. ఎల్లుండి పొద్దున ఆరింటికి మా తిరుగు ఓడ. ఆ తర్వాతి ఓడ నాలుగు రోజులకు, దానికి టికెట్లు లేవు. మాకున్నది ఆదివారం ఒక్క ఉదయం.

నడిసముద్రంలో ఫోన్లు పనిచెయ్యవు. రాత్రి ఎనిమిదింటికి జెట్టీలో అప్పన్నకు విషయం చెబితే తల గోక్కున్నాడు. సన్నగా, నల్లగా, నెరిసిన మీసంతో ఉంటాడు. “వల ఏసేసానమ్మగోరూ. పొద్దున్న తియ్యకపోతే సేపలు కుళ్లిపోతాయి. తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తాను.” మొగుడి చొక్కా పట్టుకుని పైడితల్లి అంది, “తొమ్మిదిన్నరంటే తొమ్మిదిన్నరే. ఎవుడితోటీ కబుర్లు సెప్పకు.”

ఆదివారం ఎనిమిదింటికే జెట్టీ మీద కూర్చున్నాం. గట్టు రాళ్ల మీదికి నీళ్లు ఎక్కుతూ ఉన్నాయి. తొమ్మిదిన్నరయింది, ఇంకా ఎక్కుతున్నాయి. పదింటికి ఆగాయి. అప్పన్న పది దాటాక వచ్చాడు. వల నిండా చూర చేప. కొనేవాడు తూకం దగ్గర పేచీ పెట్టాడు. ఆ చేపలు బుట్టల్లోకి మారేసరికి, గట్టు రాయి మీద తడిసిన గుర్తుకూ నీటికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం వచ్చింది. ఆ ఎడం నేను తప్ప ఎవరూ చూడలేదు. తొందరపెట్టబుద్ధి కాలేదు. అది వాళ్ల తిండి.

పడవ కదిలింది పదీ నలభైకి. అద్దె రెండున్నర వేలు. ఒడ్డు వెంబడి కొబ్బరి తోటలు, ఒక వాగు నోటి దగ్గర మొసళ్లున్నాయని బోర్డు. అరగంటకు అప్పన్న ఇంజను ఆపాడు. ముందు వినిపించింది, తర్వాత కనిపించింది. చదునుగా ఉన్న నీళ్లలోంచి ఒక గోడ లేస్తుంది. దాని నెత్తి ఒక చివర నుంచి తెల్లగా విరుగుతూ మన వైపు వస్తుంది. మిగతాదంతా గాజులా నిలబడి ఉంటుంది. ఇంకో మనిషి లేడు, ఇంకో పడవ లేదు. మేం పడవ నిలిపిన చోట అడుగు కనిపించనంత లోతు.

సాహితి ముందు వెళ్లింది. రెండు కెరటాలు ఎక్కింది. రెండోదాని మీద నిలబడి మా పక్క నుంచి దూసుకుపోతుంటే దాని మొహంలో మా అమ్మాయి చిన్నప్పటి మొహం కనిపించింది. తిరిగి వచ్చి పడవ అంచు పట్టుకుంది. మొహం మారిపోయింది.

“అమ్మమ్మా, కింద బండ దగ్గరైతుంది. పలక తోక తగిలి ముక్క లేచిపోయింది. వద్దు జెర. చూసినవ్ కదా, చాలదా?”

“ఇంకెంతసేపుంటుంది అప్పన్నా?”

“అంచునైతే ఇంకో అరగంట, అమ్మగోరూ. లోనకైతే ఒద్దు.”

“చాలు.”

లైఫ్ జాకెట్ బిగించి, కాళ్లకు మేజోళ్లు వేసుకుని దిగాను. దిగడానికి సాహితి పట్టుకుంది, అప్పన్న పట్టుకున్నాడు. నీళ్లు నేను భయపడినంత చల్లగా లేవు. పలక మీద బోర్లా పడుకున్నాను. వెనక నుంచి సాహితి తోస్తుందని ఒప్పందం.

మొదటిది వచ్చింది, నన్ను ఎత్తింది, వదిలేసి ముందుకు వెళ్లిపోయింది. రెండోదానికి సాహితి గట్టిగా తోసింది. పలక ముక్కు నీళ్లలోకి దిగింది, నేను పల్టీ కొట్టాను. ఉప్పునీళ్లు ముక్కులోకి వెళ్లాయి. మోకాలు దేనికో గీసుకుంది. పైకి వచ్చేసరికి కళ్లజోడు లేదు, దాన్ని కట్టిన దారం మాత్రం మెడలో ఉంది.

“ఇగ చాలు, పోదాం,” అంటోంది సాహితి. పలకను పడవ వైపు లాగుతోంది. “నీకేమన్నా అయితే అమ్మకు నేనేం చెప్పాలె?”

“నువ్వు తొయ్యకు. అదే తప్పు. ముందే తోస్తున్నావు.”

“నీకు కనవడుత లేదు కదా.”

“భీమిలిలో వెనక్కి చూసేవాళ్లం కాదు.”

పలక మీద పడుకుని ఎదురుచూశాను. జోడు లేకపోతే నాకు లోకమంతా రంగులే. వెనక రెండు చిన్నవి వచ్చి పోయాయి. వాటికి కదల్లేదు. తర్వాత పలక కింద నీళ్లు వెనక్కి లాగడం మొదలుపెట్టాయి, కాళ్ల కింద నుంచి ఎవరో చాప లాగుతున్నట్టు. ఆ లాగుడు నా పొట్టకు తెలుసు. రెండు చేతులతో ఒక్కసారిగా నీళ్లు తోశాను, గడ్డం ఎత్తాను, కాళ్లు రెండూ మడిచి పైకి పెట్టాను. మోకాలు మడిచానని తర్వాత గుర్తొచ్చింది.

ఎత్తింది. ఈసారి వదల్లేదు. పలక ముందుకు వాలింది, అప్పుడు చప్పుడు పోయింది. చెవుల పక్కన గాలి, కుడివైపు లేచి నిలబడిన ఆకుపచ్చ, కింద పసుపుగా పరిగెత్తే బండ. నేను ఏమీ చెయ్యడం లేదు, నన్ను ఎవరో తీసుకుపోతున్నారు. ఎంతసేపో చెప్పలేను. లెక్కపెట్టలేదు. లోతు నీళ్లలోకి రాగానే అది మెత్తబడి, నా కిందనే నిద్రపోయినట్టు ఆగింది.

అప్పన్న పడవ తెచ్చి నన్ను ఎక్కించాడు. “అమ్మగోరిది అలవాటున్న సెయ్యి,” అన్నాడు సాహితితో. సాహితి నా మోకాలికి తువ్వాలు చుట్టి ముడి వేసింది. తర్వాత, “అమ్మకు ఏం చెప్దాం?” అంది.

“ఒడ్డున జారిపడ్డానని చెప్పు.”

మూడింటికి పైడితల్లి ఇంట్లో అన్నం తిని, ఒడ్డు వెంట ఆటోలో వస్తూ మళ్లీ ఆ వైపు చూశాం. ముదురు గోధుమరంగు బండ బయటపడి ఎండుతోందని సాహితి చెప్పింది.

14న సోమవారం ఆరింటికి ఓడ ఎక్కాం. వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. మార్చి, ఏప్రిల్ మంచివి. మందులు, బ్యాండేజీ మీవే తీసుకువెళ్లండి. పోటు వేళ చూసుకున్నాకే టికెట్లు కొనండి. వయసైపోయిందని మానకండి. మనుషులు మంచివాళ్లు, ఎవరి పనిలో వాళ్లుంటారు. సముద్రంలో దిగిన ముసలిదాన్ని చూడడానికి అక్కడ ఎవరూ రాలేదు.

ఓడలో బంకు మీద పడుకుని, నిద్రపట్టక, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని భీమిలి కెరటాన్ని పిలిచాను. మట్టి కలిసిన నీళ్లు, చేప నూనె వాసన, ఛాతీ కింద గరుకు చెక్క. వచ్చింది. కానీ ఆకుపచ్చగా ఉంది. కింద ఇసుక లేదు, పసుపు బండ ఉంది. వాసన లేదు. అది వద్దని మళ్లీ పిలిచాను. మళ్లీ అదే వచ్చింది. మర్నాడు విమానంలో ప్రయత్నించాను. సాయంత్రం కారులో సాహితి నా భుజం మీద తల పెట్టి నిద్రపోతుంటే ఇంకోసారి ప్రయత్నించాను. బాగుంది, చాలా బాగుంది. అది మాత్రం కాదు.

15వ తేదీ మంగళవారం రాత్రి 7.50కి ఇల్లు చేరాం. పోయినవి: కళ్లజోడు ఒకటి, పలక తోక నుంచి జానెడు ముక్క, ఎడమ మోకాలి మీద రూపాయి బిళ్లంత చర్మం, భీమిలి కెరటం.