నాలుగు రోజులు వెనక్కి జరిపిన నొప్పి

బస్సు డిపోలో ఆయన్ని అందరూ గడియారం గారనేవారు. ముప్ఫై ఏళ్లుగా కంట్రోలరు ఉద్యోగం. గేటు పక్కన అద్దాల గది, చక్రాల కుర్చీ, ముందు లాగ్‌షీటు. వచ్చిన బస్సు టైమూ, పోయిన బస్సు టైమూ రాయడమే పని. అయితే ఆయన రాసేది బస్సు వచ్చిన టైము కాదు, రావాల్సిన టైము. ఆలస్యమని రాస్తే డ్రైవరు సంజాయిషీ ఇవ్వాలి, దాన్ని కంట్రోలరు చదవాలి, మేనేజరు సంతకం పెట్టాలి. ఇంతమందిని ఏడిపించే కన్నా ఒక్క కలంపోటుతో బస్సును వేళకు రప్పించడం తేలిక. దీన్ని డిపోలో సర్దుబాటు అంటారు. ఎండలో గంటసేపు నిలబడ్డవాళ్లకు తమ బస్సు కాగితం మీద ఎప్పుడో వచ్చేసిందని తెలియదు పాపం.

అలాంటి మనిషికి ఇరవై నాలుగో తేదీ పొద్దున, బూట్లు తొడుక్కుంటుండగా గుండెపోటు వచ్చింది. భార్య పక్కింటివాళ్ల కారులో ఆసుపత్రికి చేర్చింది. ప్రాణం దక్కింది. మిగిలిన రక్తనాళాల సంగతి తేలాలంటే గుండెను పరిగెత్తించి చూడాలన్నారు. ఆయన మోకాళ్లు ఏనాడో చేతులెత్తేశాయి. కాబట్టి మనిషిని పడుకోబెట్టి, నరంలోకి మందెక్కించి, గుండె ఒక్కదాన్నే పరిగెత్తిస్తారట. పెద్ద డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. "మీ గుండె ఇంకా పచ్చిపుండు. మీ విషయంలో నొప్పి వచ్చిన రోజు నుంచి పది రోజులు ఆగాల్సిందే."

పది రోజులంటే నాలుగో తేదీ. ఒకటో తేదీకి డ్యూటీలో చేరకపోతే కుర్చీ చిన్న కంట్రోలరుకు ఇచ్చేస్తామని మేనేజరు కబురు పంపాడు. పరీక్ష కాగితం లేనిదే చేర్చుకోరు. పరామర్శకొచ్చిన చిన్న కంట్రోలరు, "మీరు నెమ్మదిగా కోలుకోండి గురువుగారూ, తొందరేం లేదు" అన్నాడు. ఆ మాటతో గడియారం గారి గుండెల్లో రాయి పడింది. కుర్చీ పోతే తన మొహం చూసి నమస్కారం పెట్టేదెవరన్నది ఆయన భయం.

భార్య మందుల కోసం కిందికెళ్లిన సమయం చూసి డ్యూటీ డాక్టరును పిలిచాడు. అసలు నొప్పి ఇరవయ్యో తేదీనే వచ్చిందనీ, గ్యాసనుకుని ఊరుకున్నాననీ నమ్మబలికాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని ఆ డాక్టరు నాలుగు చీవాట్లు పెట్టి, కేసుషీటులో పాత తేదీ కొట్టేసి కొత్తది రాశాడు. పరీక్ష ముప్ఫయ్యో తేదీకి వచ్చి కూర్చుంది. బాగా కోలుకుంటున్నాను కాబట్టి త్వరగా చేస్తున్నారని భార్యకు చెప్పాడు. ఆవిడ నమ్మి, సంతోషించింది.

ఆ రోజు బల్ల మీద పడుకోబెట్టారు. ఛాతీ మీద చల్లటి జెల్లు, చేతికి సూది. మందు పంపు సరిచూస్తూ నర్సు అలవాటైన పాఠం ఒప్పజెప్పింది. గుండె దడదడలాడుతుంది, భయపడొద్దు, నొప్పి వస్తే వెంటనే చెప్పాలి, పది రోజులూ నిండాయి కాబట్టి కంగారేం లేదు. నిండకపోతే ఏమవుతుందని ఆయన అడిగాడు.

"మానని గుండె లయ తప్పొచ్చు. ఒక్కోసారి తిరిగి దారిలో పడదు. అందుకేగా తేదీ అన్నిసార్లు అడిగేది."

ఇన్నేళ్ల సర్దుబాట్లకు ఎండలో నిలబడ్డది వేరేవాళ్లు. ఇప్పుడు బల్ల మీద ఉన్నది తనే. నర్సు వేలు మీట మీదికి వెళ్లేసరికి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇరవై నాలుగు. పొద్దున ఆరూ పదికి. మిగతాదంతా అబద్ధం."

సూది తీసేశారు. డాక్టరమ్మ తిట్టిన తిట్లు వరండా దాకా వినిపించాయి. అక్కడే కూర్చున్న భార్య అవన్నీ వింది. ఇల్లు చేరాక ఒక్క మాటే అంది. "నాకూ లాగ్‌షీటే చూపించారన్నమాట." డాక్టరమ్మ తిట్లన్నీ కలిపినా ఆయనకు అంత సిగ్గనిపించలేదు.

నాలుగో తేదీన పరీక్ష చేశారు. గుండె బాగానే పరిగెత్తింది. మర్నాడు కాగితం పట్టుకుని డిపోకు వెళితే, చిన్న కంట్రోలరు మర్యాదగా లేచి నిలబడ్డాడు గానీ వెనక కుర్చీని కాలితో అదిమి పట్టుకునే ఉన్నాడు. గడియారం గారికి విచారణ కౌంటరులో ఒక స్టూలు చూపించారు.

మేనేజరు కాగితం తిప్పి చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. "నాలుగు రోజుల తేడాకి పోగొట్టుకున్నారు. డాక్టరు చేత ముందు తేదీ వేయించుకోవాల్సింది. ఇన్నేళ్ల సర్వీసు, మీకు నేను చెప్పాలా?"

"వేయించాను సార్. దాన్ని అలాగే ఉంచితే కుర్చీ ఉండేది, కూర్చోడానికి నేనుండేవాణ్ణి కాదు."

మేనేజరు అది జోకనుకుని గట్టిగా నవ్వాడు. తర్వాత కలం తీసి, ఇంతకీ జాయినింగ్ రిపోర్టులో ఏ తేదీ వేద్దామని అడిగాడు.